బ్రేకుకు పూసిన కందెన

నా చిన్నప్పుడు మా ఇంట్లో కోపం మగవాళ్ల సొత్తు. ఆడవాళ్లకు కోపం వస్తే వంటింట్లో గిన్నెలు చప్పుడు చేసుకోవాలి, అంతే. ఇప్పుడు నేను కాస్త గొంతు పెంచితే చాలు, మా పిల్లలు "అమ్మా, బీపీ" అంటారు. అననీ! నా కోపం ఊరికే వచ్చింది కాదు. వికారాబాద్‌లో మా ఇంటి ముందు, ఒక పాత జీపు దగ్గర నేర్చుకున్నాను.

మా తాతయ్య బండ్ల మనిషి. స్టేషన్ నుంచి బజారుకు సరుకు తోలే ఎడ్లబండ్లు ఉండేవి మాకు. ఇరుసు కిర్రుమందంటే ఆయనకు తల కొట్టేసినట్టు ఉండేది. ప్రతి బండి కిందా ఒక కందెన గొట్టం వేలాడేది. ఆముదంలో గడ్డి కాల్చిన మసి కలిపి ఆ కందెన మా నాయనమ్మ చేసేది. ఇనుము మీద తుప్పు కనబడిందా, ముందు కందెన పూయాలి, తర్వాతే ఇంకో మాట. అలాంటి మనిషి ఒక పాత మిలిటరీ జీపు కొన్నాడు. అదీ ఒక బండే కదా అనుకున్నాడు, ఇంకేముంది!

ఆ ఏడు ముసురు పట్టి వదల్లేదు. జీపు రెండు నెలలు కొట్టంలోనే కదలకుండా ఉండిపోయింది. మా మేనత్త మొదటి కాన్పుకు వచ్చి మా ఇంట్లోనే ఆడపిల్లను కన్నది. ఐదో నెలలో తల్లీబిడ్డల్ని తాండూరులో అత్తవారింట్లో దింపాలి. హాయిగా రైల్లో పంపొచ్చు. కానీ మా తాతయ్యకు పంతం. తన బిడ్డ జీపులో దిగాలి, తాండూరు వాళ్లు నోళ్లు తెరుచుకుని చూడాలి. తాండూరు దారేమో అనంతగిరి గుట్టల మీంచి వంపులు తిరుగుతూ దిగుతుంది.

ప్రయాణం నాటి పొద్దున్నే డ్రైవర్ చాచా వచ్చి చక్రాలు విప్పాడు. చక్రం వెనక ఇనుప డ్రమ్ము ఉంటుంది. బ్రేకు తొక్కితే లోపలి పట్టీలు విచ్చుకుని దాన్ని ఒరుసుకుంటాయి, బండి ఆగుతుంది. ఆ డ్రమ్ము లోపలంతా ఎర్రగా తుప్పు. చాచా దాన్ని గోటితో గీరి చూసి నవ్వేశాడు. "ఫికర్ జెయ్యకుండ్రి పటేల్ సాబ్. మీద మీదనే ఉన్నది. జర ఉప్పుకాగితంతోని రుద్ది, మెల్లగ నడుపుకుంట బ్రేకు తొక్కితే అదే పోతది. తినొచ్చి చేస్త," అని ఇంటికి వెళ్లాడు.

తుప్పును అలా వదిలి అన్నానికి పోతాడా మనిషి? చూస్తూ ఊరుకోవడం తాతయ్య వల్ల కాలేదు. బండి కింది గొట్టం ఊడదీసి, డ్రమ్ముల లోపల కందెనను వేళ్లతో నున్నగా, ఎంతో ప్రేమగా పూశాడు. మా నాన్న చేత చక్రాలు బిగించాడు. నాయనమ్మ చూసింది, అమ్మ చూసింది, పాపకు పాలిస్తూ అత్తా చూసింది, నేనూ చూశాను. అందులో తప్పుందని మాకెవరికీ తోచలేదు. అంతవరకు ఎవరినీ ఏమీ అనను.

చాచా తిరిగొచ్చేసరికి మూటలు సర్దేశారు. బిగించి ఉన్న చక్రాలు చూసి అతని ముఖం మారింది. "ఎవరు బిగించిండ్రు? లోపల ఏమన్న పూసిండ్రా? జర చెప్పుండ్రి. బ్రేకు పట్టేదే రాపిడితోని. ఆడ నూనె తగిలితే గుట్ట దిగేటప్పుడు బండి ఆగది," అన్నాడు.

అందరం విన్నాం. అందరూ తేలు కుట్టిన దొంగల్లా నిలబడ్డారు. తాతయ్య ఆకాశం వైపు చూసి, "ఏం పుయ్యలే. నడువు, వర్జ్యం వస్తది," అన్నాడు.

ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. అంత పెద్దమనిషి, ఐదు నెలల పసిగుడ్డు ఎక్కే బండి గురించి అబద్ధమాడాడు. మా నాన్న తల దించుకున్నాడు. నాయనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను నోరు తెరవబోతే అమ్మ తొడపాశం పెట్టింది. ఎందుకు? ఆయన పరువు పోతుందని! పరువు పోతే మళ్లీ వస్తుంది, పిల్ల వస్తుందా?

అత్త అప్పటికే ఒక కాలు జీపు మీద పెట్టింది. ఆ కాలు దించింది. తండ్రి ముందు ఏనాడూ తలెత్తని మనిషి, పాపను తెచ్చి నా చేతుల్లో పెట్టి ఆయనకు ఎదురుగా నిలబడింది.

"నాయినా, కందెన పూసినవ్ గదా. నా కండ్లతోని చూసిన. ఎందుకు అబద్ధమాడుతున్నవ్?"

"నాకే ఎదురు చెప్తవా? నోరు మూసుకొని ఎక్కు!"

"ఎక్క. నీ పరువు కోసం నా బిడ్డను గుట్ట మీదికెళ్లి కిందికి దొర్లియ్యాల్నా? గంత నమ్మకముంటె ముందు నువ్వు ఎక్కు. గల్లీ చివర దాక పోయి ఆపి చూపియ్యి."

ఆమె గొంతు వణకలేదు. చాచా జీపులో కూర్చుని తాతయ్య కోసం చూశాడు. ఇక ఎక్కక తప్పలేదు ఆయనకు. జీపు నడక వేగంతో కదిలింది. గల్లీ చివర చాచా బ్రేకు తొక్కడం మాకు కనిపిస్తూనే ఉంది. జీపు ఆగలేదు. తిన్నగా పోయి అక్కడున్న జొన్నచొప్ప కుప్పలో దూరింది.

తాతయ్య తలపాగా నిండా చొప్ప ముక్కలతో నడిచి వచ్చాడు. ఎవరూ నవ్వలేదు. అరుగు మీద కూర్చుని, తలపాగా విప్పి దులుపుకుంటూ "తాండూరు రైలు ఎప్పుడున్నదో కనుక్కోండ్రి," అన్నాడు. అంతే. తప్పయిందని ఆయన నోట రాలేదు. అత్త రైల్లోనే వెళ్లిపోయింది. పోతూ పోతూ తండ్రితో ఒక్క మాటా మాట్లాడలేదు, మంచి పని చేసింది.

చాచా డ్రమ్ములు పెట్రోలుతో కడిగాడు. నూనె పీల్చిన పట్టీలు ఇక పనికిరావని పారేశాడు. హైదరాబాద్ నుంచి కొత్తవి వచ్చేలోగా ఆ కడిగిన ఇనుముకు మళ్లీ పలచగా తుప్పు పట్టింది. తాతయ్య చేతులు వెనక్కి కట్టుకుని దాన్ని చూస్తూ తిరిగాడే గానీ ముట్టుకోలేదు. చాచా ఉప్పుకాగితంతో రుద్ది, పట్టీలు బిగించి, స్టేషన్ రోడ్డు మీద ఆపుతూ నడుపుతూ తిప్పి తెచ్చి, మళ్లీ విప్పి చూపించాడు. డ్రమ్ము తోమిన పళ్లెంలా ఉంది.

బతుకమ్మకు అత్త పాపతో పుట్టింటికి వచ్చింది. తిరిగి వెళ్లేనాడు వాకిట్లో జీపు నిలబడి ఉంది. అత్త ఎక్కకుండా తండ్రి వైపు చూసింది. తాతయ్య ఆమె దగ్గరికి వచ్చి రెండు అరచేతులూ చాపి, అటూ ఇటూ తిప్పి చూపించాడు. "చూసుకో బిడ్డా. ఏం పుయ్యలే," అన్నాడు. ఆ చేతులకు మసి లేదు. అత్త ఆ చేతులు పట్టుకునే జీపెక్కింది.

అప్పటి నుంచి నాకు ఈ రోగం పట్టుకుంది. ఇంట్లో ఏ పెద్ద పని తలపెట్టినా, అందరూ నవ్వుముఖాలతో "అంతా బాగుంది, ఎక్కు" అంటే నా ముక్కుకు ఆముదం వాసన కొడుతుంది. బీపీ పెరిగితే పెరగనీ. కాలు లోపల పెట్టక ముందే అడుగుతాను, "లోపల ఏం పూసిండ్రు?" అని. జవాబు వచ్చేదాకా ఎక్కను, నా వాళ్లను ఎక్కనివ్వను.