అడుగున మచ్చ లేని దీపం

గాజుపనికి పేరున్న మురానో దీవిలో ఎర్సిలియా చేతికి ఏ గాజుదీపం ఇచ్చినా ముందు తలకిందులు చేస్తుంది. ఊదిన గాజును చివరికి ఇనుప కడ్డీ నుంచి విరిచి తీస్తారు. విరిచిన చోట అడుగున మచ్చ మిగులుతుంది. ఎంత అరగదీసినా చిన్న గుంటగానైనా బొటనవేలికి తగులుతుంది. అది తగలకపోతే ఎర్సిలియా తల అడ్డంగా ఊపుతుంది. నలభై ఏళ్లుగా ఊపుతూనే ఉంది.

ఆ పనంటే ఇప్పుడు ఆమెకు విసుగు. జనం దీపాల్ని పసిబిడ్డల్లా దుప్పట్లలో చుట్టుకొస్తారు. పదింట్లో ఎనిమిది అచ్చులో తీసినవే. అచ్చు అతుకు గీతను గోటితో చూపించి "ఇది మన చేతిపని కాదమ్మా" అంటే, ఈవిడే ఏదో పగలగొట్టినట్టు మొహం మాడ్చుకుని పోతారు. ఊళ్లో ఆమె పేరే కాదమ్మ అయిపోయింది. మొగుడు గస్తోనే, కొలిమి దగ్గర పేరున్న పనివాడు, బతికున్నన్నాళ్లూ భోజనం ముందు ఏడిపించేవాడు. "కాదమ్మా, ఈ చేపైనా అసలుదేనా?" అనేవాడు. ఆయన పోయి మూడేళ్లయింది.

నవంబరులో ఒక మధ్యాహ్నం, వీధిలోకి పోటునీళ్లు ఎక్కిన రోజు, పక్కింటి నీవెస్ రబ్బరు బూట్లతో వచ్చింది. వెనకాల కొడుకు లోరిస్ తేనెరంగు దీపం మోసుకొచ్చాడు.

"అక్కా, నీకో పని తెచ్చాను. తిట్టుకోకు."

"తిట్టే ఓపిక ఎక్కడిదే? పెట్టు."

"నా పెళ్లికి గస్తోనే బావ ఇచ్చిందే ఇది. వీడు అమ్ముతానంటున్నాడు. బావ చేతిపనేనని నువ్వు రాసిస్తే కొంటారట."

ఎర్సిలియా దీపాన్ని తిప్పింది. అడుగున వేలు జారిపోయింది. మెడ నుంచి కిందిదాకా గోటికి గీత తగిలింది. ఆ పక్కనే సూదితో గీసిన గస్తోనే సంతకం.

ఆమెకు అంతా అర్థమైంది. ఆ పెళ్లికి ఆయన చేసిన దీపం వేడి గాజును మెల్లగా చల్లార్చే పొయ్యిలో రెండు రోజులు ఉండాల్సింది. తొందరపడి ఒక్కరోజుకే తలుపు తీశాడు. "బాగా వచ్చింది, ఇచ్చేశాను" అన్నాడు ఆ రాత్రి. అసలు అది పగిలిపోయి ఉంటుంది, బజారులో ఇంకొకటి కొని తన పేరు గీశాడు. ముప్ఫై ఒక్కేళ్లు పక్కన పడుకుని ఒక్క మాట చెప్పలేదు. అయినా పోయినవాడి పరువు తన నోటితో తీయడానికి మనసు రాలేదు. కాగితం తీసి "గస్తోనే చేతిపని" అని రాసింది. జీవితంలో మొదటి అబద్ధపు చీటీ.

లోరిస్ చీటీ తీసుకుని, కొనేవాడికి ఫోను చేయడానికి గుమ్మం బయటికి వెళ్లాడు. నీవెస్ మొహం పాలిపోయింది.

"ఎందుకక్కా అలా రాశావు?"

"అదేంటే?"

"అది కాదని నాకు తెలుసు. పెళ్లయిన మర్నాడే బావ వచ్చి ఏడ్చి చెప్పాడు. వేరేది చేసిస్తానంటే నేనే వద్దన్నాను. ఎవరికీ చెప్పనని మాటిచ్చాను, వీడికెలా చెప్పను? నువ్వు కాదంటావు, వీడు అమ్మే మాట మానుకుంటాడు అని తెచ్చాను. ఊరందరికీ కాదంటావు కదా!"

"నాకెందుకు చెప్పలేదు ఆయన?"

నీవెస్ తల దించుకుంది. "ఆవిడ నోట కాదనిపించుకోలేను అన్నాడు."

ఎర్సిలియా గుమ్మం వైపు తిరిగి పిలిచింది.

"లోరిస్, ఆ చీటీ ఇలా తే."

"ఏం పెద్దమ్మా, తప్పు పడిందా?"

"పడింది."

చీటీ చింపి కొత్త కాగితం తీసుకుంది. నలభై ఏళ్లుగా రాస్తున్నది, కళ్లు మూసుకుని రాయగల మాటే. మళ్లీ "గస్తోనే చేతిపని" అని రాసింది. దాని పక్కన "కాదు" అని రాయడానికి మాత్రం చాలాసేపు పట్టింది.