నడిరోడ్డు మీద వంకాయలు

ఆ రోజుల్లో మా చిక్కడపల్లి ఆకాశం మామూలుగా ఉండేది కాదు. పైన హెలికాప్టర్ చప్పుడు, కింద జనసముద్రం, విద్యానగర్ వైపు నుంచి గాలిలో తేలి వచ్చే బాష్పవాయువు, వీటన్నిటి నడుమ ఒక పసివాడు. ఆ పసివాడు పెరిగి పెద్దవాడై, తన కళ్ళతో చూసిన ఉద్యమాన్నంతా బొమ్మల పుస్తకంగా గీసి లోకం ముందు పెట్టిన మహాగాథ ఇప్పుడు మీకు చెప్పబోతున్నాను. (ఇక్కడ ఎవరో శంఖం ఊదుతున్నట్టు ఊహించుకోండి.) ఊదడం అయిపోయిందా? అయితే అసలు సంగతి చెప్పేస్తాను. ఆ పసివాణ్ణి నేనే. నేను చూసిన చరిత్రలో ఎక్కువ భాగం వంకాయలు.

తప్పు నాది కాదు. తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్నప్పుడు నాది, బంద్ అంటే బడి లేదని మాత్రమే అర్థమయ్యే వయసు. కళ్ళు మండితే వంటింట్లో ఉల్లిగడ్డలు కోస్తున్నారనుకునేవాణ్ణి. ఆ రోజుల్లో వంటావార్పు అని ఒక నిరసన ఉండేది. బస్తీకి బస్తీ కదిలివచ్చి, నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, అక్కడే వండి అక్కడే తినేది. ఒకరోజు నారాయణగూడ చౌరస్తాలో మా నాయనమ్మ కూడా కత్తిపీట వేసుకుని కూర్చుంది, సరిగ్గా బస్సులు మలుపు తిరిగే చోట. (వేరేవాళ్ళు కోస్తే వంకాయల్లో పురుగులు చూడరని ఆమె అనుమానం. ఆమెను ఇంట్లోంచి కదిలించింది ఆవేశం కాదు, అదే.) చెయ్యి పట్టుకోకుండా ఎప్పుడూ దాటనివ్వని ఆ రోడ్డు ఆ మధ్యాహ్నం మా ఇంటి వాకిలంత సొంతంగా పరుచుకుంది. బండి అన్నది లేకపోయినా సిగ్నల్ మాత్రం తన మానాన తాను వెలుగుతూనే ఉంది. ఎరుపు పడితే ఆగి, పచ్చ పడితే పరిగెత్తి, అలసిపోయి నాయనమ్మ ఒడిలో తల పెట్టాను. కట్టెల పొగలోంచి ఎండ పాలలా కనిపించింది. వేలమంది అరుస్తున్న నినాదం, ఒడిలోంచి వింటే, జోలపాటలాగే ఉంటుంది. నిద్రపోయాను. నా పోరాటం అంతే.

డిగ్రీ అయ్యాక అందరిలాగే నేనూ సర్కారు కొలువు కోసం అశోక్‌నగర్ రీడింగ్ హాల్లో కుర్చీ పట్టాను. జిల్లాల నుంచి వచ్చినవాళ్ళు హాస్టళ్ళలో ఉండి చదివేవారు, నేను చిక్కడపల్లి నుంచి టిఫిన్ చేసి నడిచి వెళ్ళి కునికేవాణ్ణి. ఆ పరీక్షల్లో ఉద్యమం మీద ఒక పేపరు ఉండేది. అంటే నా బాల్యం సిలబస్ అయిందన్నమాట. మాక్ టెస్టు రాస్తే అందులోనే నాకు అన్నిటికంటే తక్కువ మార్కులు వచ్చాయి. ఆ అవమానంలోంచే, చదవడం మానేసి గీయడం మొదలుపెట్టాను. నెలల తరబడి గీసి, అట్ట మీద ‘ఉద్యమంలో నా బాల్యం’ అని పెద్ద అక్షరాలతో రాసి, నారాయణగూడలో మేకులు, గొళ్ళేలు అమ్మే మా నాన్న ముందు పెట్టి, ఇక నేను బొమ్మలే గీస్తానని ప్రకటించాను.

నాన్న పుస్తకం తెరవలేదు. చేతిలో ఉన్న మేకుల పొట్లం కట్టడం పూర్తి చేసి, “సూడు బిడ్డా, బయటోడు ఒక్కడు, నీ దోస్తు గాకుండ, నీ బొమ్మ జూసి మనసుల వెట్టుకున్నడనుకో, ఒక ఏడాది నిన్నేమనను. లేకుంటె బొమ్మలు బంద్. వచ్చి గల్లా కాడ కూసో” అన్నాడు.

బయటివాడికి అసలు పుస్తకం ఇచ్చే ధైర్యం లేక, ఒక్క కాపీ కోసం రీడింగ్ హాల్ కింద ఉన్న జిరాక్స్ అన్నకు ఇచ్చాను. అశోక్‌నగర్‌లో ఒక ఆచారం ఉంది. ఒకరి నోట్స్ మిషన్ ఎక్కిందంటే అది అందరిదీ. అన్న అట్ట మీద ‘ఉద్యమం’ అన్న మాట వరకే చదివాడు. మర్నాడు వెళ్ళేసరికి నా బాల్యం స్పైరల్ బైండింగులో, ఎకానమీకి కరెంట్ అఫైర్స్‌కి మధ్య, తాడుకు వేలాడుతోంది. కింద బల్ల దగ్గర నలుగురైదుగురు ఇంకో కాపీని తిప్పుతున్నారు!

పరుగున వెళ్ళి నాన్నను తీసుకొచ్చాను. ఆయన షట్టర్ సగం దించి, స్కూటర్ మీద వచ్చి, పక్కన చాయ్ బండి దగ్గర నిలబడ్డాడు. నేను గర్వంగా, ఏమీ తెలియనట్టు నిలబడ్డాను. బల్ల దగ్గర ఒకడు పచ్చరంగు మార్కరుతో మా నాయనమ్మ బొమ్మ కింద గీత గీస్తున్నాడు.

“అరే, ఈ ముసలామె ఎవర్రా? నాయకురాలా?”

“పేరు రాయలేదన్న. బిట్టు వస్తదేమో.”

“జర డేటన్న ఎయ్యాలె కదనే! ఏ చౌరస్త, ఏ తారీకు, ఏం లేదు.”

నాన్న చాయ్ ఊదుకుంటూ, ముఖంలో ఏ పాపం ఎరగని అమాయకత్వంతో, “ఎట్లున్నది బాబూ బుక్కు?” అని అడిగాడు.

“వేస్ట్ సార్. దీన్ని నమ్ముకుంటె పరీక్షల వంకాయ కూరె.”

మేకు నెత్తి మీద సుత్తి సరిగ్గా పడ్డప్పుడు వచ్చే తృప్తితో నాన్న నా వైపు తిరిగాడు. గల్లా దగ్గరి స్టూలు నాకు కళ్ళముందు స్పష్టంగా కనిపించింది. దాని ఒక కాలు పొట్టిది కూడా.

అప్పుడు బల్ల చివర కూర్చున్న ఒక అక్క ఆ స్పైరల్ లాక్కుని, నడిరోడ్డు మీద నాయనమ్మ ఒడిలో నేను నిద్రపోతున్న అదే పేజీ దగ్గర ఆగిపోయింది. చాలాసేపు తిప్పలేదు. తర్వాత తనలో తాను నవ్వుకుంది.

“ఇది పరీక్షల అడుగరమ్మా” అన్నాడు నాన్న, సాయం చేస్తున్నట్టు.

“ఎరికే సార్. మా ఊర్ల గూడ గిట్లనే రోడ్డు మీద వండిండ్రు. మా అమ్మ గంటె వట్టుకొని నిలవడితె నేను ఆమె కాళ్ళ కాడ పండుకున్న. చెప్తె ఎవ్వరు నమ్మరు, నువ్వు చిన్నపోరివి, నీకేం యాదుంటది అంటరు.” ఫోను తీసి ఆ పేజీకి ఫొటో కొట్టుకుంది. “మా అమ్మకు పంపుత. నాకు యాదున్నదని.”

నాన్న చాయ్ గ్లాసు పెట్టేసి ఆ స్పైరల్ అడిగి తీసుకున్నాడు. మొదటిసారి తెరిచాడు. నాయనమ్మ పోయి అప్పటికి కొంతకాలమే అయింది. స్కూటర్ మీద దుకాణానికి తిరిగి వెళ్తుంటే, నారాయణగూడ చౌరస్తాలో ఎర్రలైటు దగ్గర ఆగినప్పుడు, వెనక్కి తిరగకుండానే అడిగాడు.

“వంకాయలకు తొడిమెలు యాడవోయినయ్‌రా?”

“ఏంది నాన్నా?”

“మా అమ్మ తొడిమె కొయ్యదు. కాయ ఇచ్చుకవోతదని, తొడిమె ఉంచి నాలుగు చీలికలు జేస్తది. నువ్వు బోడి కాయలు గీసినవ్.”

“అంటే... ఏడాది ఇచ్చినట్టేనా?”

“ముందు తొడిమెలు గీయ్.”

పచ్చ లైటు పడింది. వెనక బస్సు హారన్ కొట్టింది, ఒకప్పుడు మేం కూర గిన్నె పెట్టుకున్న చోట నిలబడి.

ఆ ఏడాదిలో లోకం ఏమీ కంపించలేదు. ఇప్పుడు నేను బడిపిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తున్నాను. కప్ప జీవితచక్రం బాగా గీస్తానని కాస్త పేరు. అప్పుడప్పుడు ఆ కుర్రవాడు గుర్తొస్తాడు, విప్లవాన్ని గీస్తున్నానని నమ్మి, ఎవరి ఒడిలో నిద్రపోయాడో ఆ ఒడినే గీసుకున్నవాడు. వాణ్ణి చూస్తే నవ్వొస్తుంది, కాస్త అసూయ కూడా. తొడిమెలున్న వంకాయల కాపీ కావాలంటే అదే జిరాక్స్ సెంటర్లో దొరుకుతుంది. ఆదివారం మధ్యాహ్నం దాకే తెరిచి ఉంటుంది.