ఒకటిన్నర రేటుకి రెండు సీట్లు

కలకత్తాలో ఒక పెద్ద కంపెనీ మేనేజరుని నాలుగే నిమిషాల్లో బేరంలో పడగొట్టినవాణ్ణి నేను. అంతకన్నా చెడ్డ పని ఇంతవరకూ చేయలేదు. ఈ ఉదయం భవానీపూర్‌లో మెట్రో ఎక్కబోతుంటే, నా ముందున్నావిడ కార్డుకి గేటు తెరుచుకోలేదు. కీచుమని ఒక శబ్దం, ఎర్ర దీపం. వెనకవాళ్లు తోస్తున్నా నా కాళ్లు కదల్లేదు. పార్వతప్ప గుర్తొచ్చింది.

మేమిద్దరం శ్రీకాకుళం వాళ్లం, అక్కని అప్ప అంటాం. ఆమె తండ్రి కలకత్తా రేవులో కూలీ. మా నాన్నకి మెటియాబ్రుజ్‌లో దర్జీలకి దారాలు, గుండీలు అమ్మే దుకాణం. ఆ కంపెనీలో ఆమెదీ నాదీ కాంట్రాక్టు మీద కంప్యూటర్ పని. ఏడాదికోసారి కాగితం మీద కొత్త సంతకం పడితేనే మరుసటి ఏడాది ఉంటాం. ఆమె తొమ్మిదేళ్లుగా ఉంది, నేను అప్పుడే చేరాను. దసరా పూజల ముందు కంపెనీలో మిఠాయి పెట్టెలు పంచుతుంటే అందరికంటే ముందు నేనే చెయ్యి చాపాను. పార్వతప్ప వెనకనించి చొక్కా పట్టి లాగింది.

“సెయ్యి దింపు తమ్ముడూ. అవి నీలం తాడోళ్లకి, పర్మినెంటోళ్లకి. మన మెడలో కార్డుకున్నది పసుపు తాడు.”

ఆ సాయంత్రం తనే సందేశ్ మిఠాయి కొని, బస్సులో నా ఒళ్లో పెట్టింది. ‘మన కంపెనీ’ అని పొరపాటున కూడా అనొద్దని చెప్పింది. ఏ ప్రోగ్రాం ఏ రోజు మొరాయిస్తుందో నేర్పింది. నేను చేసిన తప్పులు మేనేజరు కంటపడకముందే ఎన్నిసార్లు సరిదిద్దిందో నాకు తెలిసినవి కొన్నే.

రెండో ఏడు సంతకం వేళకి మేనేజరు రేటు పెంచలేనన్నాడు. నాలోని దుకాణదారు లేచి కూర్చున్నాడు. దారంతో పాటు గుండీలూ తీసుకుంటే ధర తగ్గించడం మా నాన్న పద్ధతి. రేటు పెంచొద్దు, ఇంకో సీటు పని కూడా నాకే ఇవ్వండి, ఒకటిన్నర రేటుకి రెండూ చేస్తాను అన్నాను. ఏ పనైనా చేస్తావా అని అడిగాడు. ఏదైనా సరే అన్నాను. మా వరసలో చాన్నాళ్లుగా ఒక కుర్చీ ఖాళీగా ఉండేది. దాని గురించే అనుకున్నాను. ఏ సీటో అడగలేదు. బేరం కుదిరాక ప్రశ్నలు వేయకూడదని దుకాణంలోనే నేర్చుకున్నాను మరి.

సోమవారం ఉదయం ఆఫీసు గేటు దగ్గర పార్వతప్ప కార్డుకి ఎర్ర దీపం వెలిగింది. మూడుసార్లు ఆనించింది. తొమ్మిదేళ్లుగా రోజూ నమస్కారం పెట్టే గార్డు, తల వంచుకుని ఆమె పేరు విజిటర్ల పుస్తకంలో రాసుకుని ఒక చీటీ ఇచ్చాడు. మూడు రోజుల్లో పని అప్పగించి వెళ్లాలట. ఎవరికని అడిగితే, గార్డు కాగితం చూసి నా పేరు చదివాడు. నేను ఆమె వెనకే నిలబడి ఉన్నాను.  

ఆ మూడు రోజులూ చీటీ చొక్కాకి గుచ్చుకుని, తన పనంతా ఒక్క మెట్టు కూడా దాచకుండా నేర్పింది. తిడుతుందని ఎదురు చూశాను. తిడితే బావుండేది. చివరి రోజు సంచీ సర్దుకుంటూ, ఎంతకి ఒప్పుకున్నానని అడిగింది. చెప్పాను.

“సగానికా? ఏటిరా తమ్ముడూ, నెలాఖరు పనొక్కటే ఇద్దరు సెయ్యాల్సింది. నన్నడిగుంటే సరైన రేటు సెప్పీదాన్ని కదా.”

నా మీద జాలిపడింది. అప్పుడు తగిలిన దెబ్బ ఇప్పటికీ మానలేదు.

చివరి బిల్లు ఇది. నాకు అదనంగా వచ్చింది పదకొండు నెలలపాటు సగం రేటు. ఆ తర్వాత నాకన్నా చవగ్గా మరొకడు దొరికాడు. ఆమెకి పోయింది తొమ్మిదేళ్ల చోటు. తెలియక చేశానన్న తగ్గింపు నాకు చెల్లదు. ఏ సీటన్న ఆ ఒక్క ప్రశ్న అడగడానికి ఖర్చేమీ లేదు. ఇప్పుడు ఎవరు పని ఇస్తామన్నా, రేటు కంటే ముందు, ఇది ఇప్పుడు ఎవరు చేస్తున్నారని అడుగుతున్నాను. ఆ మాటతో రెండు కాంట్రాక్టులు చేజారాయి. మూడోదానికి మాత్రం, ఆ పని చేస్తున్న మనిషి పేరు వాళ్లు చెప్పినా సంతకం పెట్టాను.