బురుజు మీద సున్నం

శ్రీకాకుళం దగ్గరి ఆ తీరపు ఊరికి రెండోసారి కాస్త గర్వంగానే వెళ్లాను. సముద్రం మీదుగా వచ్చే ఓడలపై నిఘా కోసం ఎప్పుడో కట్టిన సైనిక కోటలో అక్కడ ఒక్క బురుజే మిగిలింది. పోయిన ఏడాది దానికి సముద్రం వైపు ఎవరో సున్నం కొట్టి ఉంటే, చరిత్రను పాడు చేస్తున్నారని అధికారులకు ఘాటుగా ఉత్తరం రాశాను. ఇప్పుడు ఆ సున్నం గీకేశారు. ఎర్ర ఇటుకలు, ఫిరంగులు పెట్టే కంతలు బయటపడ్డాయి.

ఫోటోలు తీసుకుంటుంటే, తెప్ప పక్కన వల బాగుచేసుకుంటున్న ముసలాయన పలకరించాడు.

"ఏటి బాబూ అలా సూస్తన్నారు? మా సున్నం పోనాదని నానూ రోజూ అలాగే సూస్తన్నాను."

"మీరే వేసేవారా?"

"మా తాతల కాడ్నించీ ఏటేటా ఏసేవోళ్లం. సంద్రంలోంచి ఆ తెలుపూ, ఎనకాల కొండా ఒక వరసలో కనపడితే తెప్ప కింద నీళ్లల్లో రాయి ఉన్నట్టు. ఆ రాయి కాడే సేపలు. కుర్రోళ్లకి ఫోన్లో దారి కనపడతాది. నాకైతే ఆ గోడే దారి."

కోట గురించి పుస్తకానికి సరిపడా రాసుకున్నాను. దాన్ని సముద్రంలోంచి చూసేవాళ్లు ఇంకా ఉన్నారన్న మాట అందులో ఎక్కడా లేదు.

"సదువుకున్నోరు కదా బాబూ, సున్నం ఎయ్యనిమ్మని ఓ కాయితం రాసి పెడతారా?" అన్నాడు.

తెప్ప మీదే కూర్చుని రాసిచ్చాను. సంతకం మాత్రం ఆయన్నే పెట్టమన్నాను. నా సంతకం ఆ ఆఫీసులో ఇప్పటికే ఉంది.