చూస్తున్నానని చెప్పి తెరవని ఫైలు

మా సార్ మొన్న మంగళవారం పొద్దున పోయారు. గుండెపోటు. శామీర్‌పేట నుంచి ఆయన భార్య ఫోన్ చేసి "మీ సార్ ఇగ లేడు బిడ్డా" అన్నప్పుడు, ముందుగా గుర్తొచ్చింది నేనాయనకు చెప్పిన అబద్ధం.

ఆఫీసులో సారూ నేనూ ఒక కంపైలర్ మీద, అంటే ప్రోగ్రామును కంప్యూటరుకు అర్థమయ్యే భాషలోకి మార్చే సాఫ్ట్‌వేర్ మీద, పనిచేసేవాళ్లం. జనం రాసిన ప్రోగ్రామును చదివి తప్పులు పట్టే ముందు భాగం మాది. ఒక్క ఫైల్లో ఒక్క లైను మారినా అది వందల ఫైళ్లను మొదటినుంచీ చదివేది. మారినదాన్నీ, దానిమీద ఆధారపడ్డవాటినీ మాత్రమే చదివించాలని మా తంటా. మేడ్చల్ బస్సు దొరక్క నేను ఆలస్యంగా వచ్చినా సార్ పల్లెత్తు మాట అనేవారు కాదు. సరిచూడకుండా కోడ్ పంపితే మాత్రం ఊరుకునేవారు కాదు. రోజూ ఒకసారి, అంతకుముందు దాచుకున్న ఫలితాలను వాడకుండా మొత్తం మళ్లీ కంపైల్ చేసి, పాత ఫలితమూ కొత్త ఫలితమూ ఒకటేనని తేలాకే టిఫిన్ డబ్బా తెరిచేవారు.

ఈమధ్య నేనో ఉపాయం కనిపెట్టానని ఎగిరిపడ్డాను. ప్రోగ్రాములో ఒక్కో పని చేసే ముక్కను ఫంక్షన్ అంటాం; దాని లోపల ఏం మారినా, పైకి కనిపించే రూపం, అంటే పేరూ, అది తీసుకునేవీ ఇచ్చేవీ, మారకపోతే, దాన్ని వాడే ఫైళ్లను ముట్టుకోనక్కర్లేదని. వేగం బాగా పెరిగింది. సార్ దాన్ని పరీక్షించడానికి ఒక ఫంక్షన్ లోపల పదిని ఇరవై చేశారు. కంపైల్ చేసేటప్పుడే ఆ విలువ అవసరమయ్యే పక్క ఫైలు ఇంకా పదే అనుకుంటోంది.

"జల్దీ అయితాంది, మంచిదే. గని అబద్ధం జెప్తాంది గదా," అన్నారు, అందరి ముందూ. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ ఉక్రోషంతోనే, తర్వాత ఆయన కోడ్‌లో తను చేసిన మార్పు ఒకటి సరిచూడమని పంపితే తెరవలేదు. రెండుసార్లు ఫోన్ చేశారు.

"నాది జూసినవా? నువ్వు జూస్తెనే నాకు ధైర్యం."

"చూస్తున్న సార్, సగం అయింది."

అసలు మొదలే పెట్టలేదు.

సార్ పోయిన మర్నాడు చర్చిలో ప్రార్థన, ఆపైన సమాధి. ఇంటికొచ్చి ఆయన పంపిన ఫైలు తెరిచాను. అది నా ఉపాయమే. ఏ ఫైలు ఏ విలువను చూసిందో రాసిపెట్టుకుని, అది మారితేనే ఆ ఫైలును మళ్లీ చదివేలా సరిచేశారు. పైన తెలుగులోనే రాశారు: "ఆలోచన మా పిల్లది. నేను ఒక్క కంత పూడ్సిన, అంతే." సిగ్గుతో చచ్చిపోయాను. చాలాసేపు ఏడ్చాను.

వెతికినా తప్పు దొరకలేదు. బాగుందని రాసి ఆమోదించాను. మా దగ్గర ఒకరు చూసి సరేనన్నాక, రాసినవాళ్లే దాన్ని అసలు కోడ్‌లో కలుపుకోవాలి. తెర మీద ఆయన పేరు పక్కన ఆకుపచ్చ బటన్ వెలిగింది. ఆయన నొక్కాలని అది ఇంకా అలాగే వెలుగుతోంది.