ఎక్స్ విలువ ఆరున్నొక్కటి

ఆ రోజుల్లో మా దివిసీమలో ఆడవాళ్ళకి మొగుళ్ళుండేవాళ్ళు గానీ, ఆ మొగుళ్ళకి పేర్లుండేవి కావు. ఇప్పటి పిల్లలు మొగుణ్ణి పేరు పెట్టి పిలుస్తున్నారు, చివర ‘ఒరేయ్’ కూడా తగిలిస్తున్నారు, ఆ మొగుళ్ళు నిక్షేపంలా తిరుగుతున్నారు. మాకు మాత్రం కాపురానికొచ్చిన రోజు ఆడబిడ్డ గుమ్మానికి అడ్డం నిలబడి, పేరు చెప్తే గానీ లోపలికి రానివ్వనని చెప్పించిన ఆ ఒక్కసారే. ఆ తర్వాత చచ్చేదాకా ‘ఆయన’, ‘ఇదిగో’, ‘మా ఇంట్లో మనిషి’. పేరు అంటే మొగుడికి ఆయుష్షు తరుగుతుందన్నారు. ఎవరిది ఎంత తరిగిందో ఎవరూ చూసిన పాపాన పోలేదు. నేనూ నమ్మాను. నమ్మలేదని ఇప్పుడు గొప్పలు చెప్పుకోను.

నా సంగతి మిగతా వాళ్ళకంటే కాస్త ముదిరింది. మా అత్తగారు తిరుపతి మొక్కు తీర్చుకుని, అక్కడ సామివారికి కొండలెన్నో ఆ లెక్క కలిపి మరీ కొడుక్కి పేరు పెట్టింది. (అర్థమైంది కదా, నాచేత రాయించకండి.) దాంతో మా ఆయన పేరొక్కటే కాదు, ఆరుకీ ఎనిమిదికీ మధ్యనుండే అంకె కూడా నా నోటికి రాకూడనిదైపోయింది. ఊళ్ళో దీనివల్ల ఏ ఇబ్బందీ లేదు. మా వైపు కల్లంలో ధాన్యం కొలిచేవాళ్ళెవరూ ఆ అంకె పైకి అనరు, అరిష్టమట. ‘ఆరు, ఆరున్నొక్కటి, ఎనిమిది’ అని కొలుచుకుపోతారు. నేను చింతపిక్కలు లెక్కపెట్టినా అలాగే లెక్కపెట్టేదాన్ని. చూసినవాళ్ళు, కల్లం మర్యాద తెలిసిన కోడలు అనుకునేవాళ్ళు.

నేను అక్షరాలు నేర్చింది పెళ్ళయ్యాకే. మా పక్క పేటలో ఒకావిడ ఉండేది, చర్చి తరఫున ఇల్లిల్లూ తిరిగి వాక్యం చదివి వినిపించేది, అందరం బైబిలమ్మ అనేవాళ్ళం. నాట్లు లేని రోజుల్లో ఆవిడ అరుగు మీద కూర్చుని ‘అ’ దగ్గర మొదలుపెట్టాను. (నిన్ను వాళ్ళలో కలిపేసుకుంటారే అని మా అత్తగారు కొన్నాళ్ళు గోలపెట్టింది. కలుపుకోలేదు. అక్షరాలిచ్చి ఇంటికి పంపించేశారు.) తర్వాత ఉప్పెన వచ్చింది. దాని గురించి ఇక్కడ రాయను, రాస్తే ఇది నవ్వుకునే కాగితం కాకుండా పోతుంది. ఒక్క ముక్క చెప్తాను. పాలకాయతిప్ప వైపు నుంచి తెచ్చినవాళ్ళని గుడారాల్లో పడుకోబెట్టి సూదులేస్తున్న నర్సమ్మల్ని చూశాను. నా ఈడువాళ్ళే. చుట్టూ అంత గోలలో వాళ్ళ చేతులు ఎంత నెమ్మదిగా కదిలేవో! నాకు కుళ్ళు పుట్టింది. నాకు పుట్టుకతోనే నెమ్మది లేదు, ఒకచోట కూర్చుంటే ఒంట్లో చీమలు పాకినట్టుంటుంది. అలాంటి దాన్ని వెళ్ళి, నేనూ నర్సమ్మనవుతానన్నాను.

నర్సు ట్రైనింగుకి పదో తరగతి కావాలన్నారు. బందరులో ఆడవాళ్ళ సంఘం వాళ్ళు నాలాంటి చదువు తప్పినవాళ్ళని హాస్టల్లో పెట్టి, రెండేళ్ళలో పదికి కట్టిస్తున్నారని బైబిలమ్మే కబురు తెచ్చింది. మా అత్తగారు అరుగు దిగి వీధిలోకొచ్చి మరీ తిట్టింది. “పిల్లాజెల్లా లేరు గనక సరిపోయింది, ఇప్పుడు పలకా బలపం పట్టుకుని ఊరేగుతుందట!” మా ఆయన చల్లపల్లిలో బియ్యం మిల్లులో బస్తాలు మోసేవాడు, మాటలు తక్కువ మనిషి. “వెళ్ళనీవే అమ్మా. ఇంట్లో ఉంచినా కుదురుగా ఉంటుందా ఏంటి?” అన్నాడు. చివరికి మా అత్తగారు ఒక మెట్టు దిగింది. “ఒక్కసారే. పరీక్షకి పంపకపోయినా, పంపాక తప్పినా, మూట సర్దుకుని వచ్చెయ్యాలి. మళ్ళీ ఈ ఇంట్లో చదువు మాట వినపడకూడదు.” సరేనన్నాను. అదీ నా మెడ మీద కత్తి.

బందరులో తెలుగూ సోషలూ బాగానే నడిచాయి. బీజగణితం దగ్గర చిక్కుపడ్డాం. మా లెక్కల మేష్టారు హైస్కూల్లో చేసి రిటైరైనాయన, ప్రతి లెక్కకీ ముందొకసారీ తర్వాతొకసారీ ముక్కుపొడుం పీల్చేవారు గనక మాకు పొడుం మేష్టారు. మొదటిరోజు “తెలియనిదాన్ని ఎక్స్ అనుకోండి” అన్నారు. మా క్లాసులో చంకలో పిల్లలున్నవాళ్ళు, మొగుడొదిలేసినవాళ్ళు, మొగుణ్ణొదిలేసినవాళ్ళు ఉన్నారు. నా పక్కన కూర్చునేది బందరు సాయిబుల ఆడపడుచు, ఇంట్లో అందరిదీ గిల్టు నగల పని, అందుకని గిల్టక్క. ఆవిడే అడిగింది. “తెలియనిదాన్ని తెలియదని ఊరుకోక, అనుకోవడమెందుకండీ మేష్టారూ?” ఆయన పొడుం పీల్చి, “మనిషి ఎవరో తెలుసు, పేరే పైకి అనం. అలాంటిదనుకో” అన్నారు, విసుగ్గా. అంతే, క్లాసంతా ఒక్కసారి వెలిగిపోయింది. “ఓస్, ఆయనా!” అన్నాం అందరం.

అక్కణ్ణుంచి మాకు ఎక్స్ అంటే ఆయనే. ఆయన్ని ఒక పక్కకి తెచ్చుకోవాలి, మిగతా వాళ్ళందరినీ సమానం గుర్తుకి అవతలికి పంపాలి, అంటే వేరు కాపురం. ఈ పక్క ప్లస్సుగా ఉన్న మనిషి గుమ్మం దాటి ఆ పక్కకి వెళ్తే మైనస్సైపోతుందన్నారు. “మా అత్త రివర్సండి, అటు వెళ్తేనే ప్లస్సు” అంది గిల్టక్క. వర్గ సమీకరణాలొచ్చాక మేష్టారు ఎక్స్‌కి రెండు విలువలుంటాయన్నారు. క్లాసు గొల్లుమంది. “చూశావే, ఇంట్లో ఒకటి, బయటొకటి” అని మొగుడొదిలేసినావిడ నిట్టూర్చింది. మేష్టారు మా వంక చూసి, ముప్పయ్యేళ్ళు మగపిల్లలకి చెప్పాను గానీ ఎక్స్‌కి ఇంత అప్రతిష్ఠ ఎప్పుడూ రాలేదన్నారు.

చెప్పొద్దూ, నాకు లెక్కలు ఎక్కేశాయి. ఒంట్లో చీమలన్నీ బలపంలోకి దిగినట్టుండేది. ఒక్క ఆ అంకె దగ్గరే తంటా. ఎక్కం అప్పజెప్పమంటే ఆరో ఎక్కం అయ్యాక నేరుగా ఎనిమిదో దానికి దూకేదాన్ని. పలక మీద రాయడానికి అభ్యంతరం లేదు, నోటితోనే రాదు. మేష్టారు కొన్నాళ్ళు కేకలేశారు, తర్వాత విషయం తెలిసి ఆయనా “ఆరున్నొక్కటే, కానివ్వు” అనడం మొదలుపెట్టారు.

ఇలా ఉండగా, పరీక్షకి ఎవర్ని పంపాలో చూడ్డానికి ఒక ఇన్‌స్పెక్టరమ్మ వస్తోందన్నారు. ఇలాంటి చోట్ల ఆడవాళ్ళు అర్థం కాకుండానే చూసి రాసేస్తున్నారని ఫిర్యాదులట, అందుకని ఒక్కొక్కరినీ బోర్డు దగ్గరికి పిలిచి, నోటితో చెబుతూ లెక్క చేయిస్తుందట. ‘నోటితో’ అనగానే వెళ్ళి గిల్టక్క దగ్గర మొత్తుకున్నాను. గిల్టక్క ధైర్యం చెప్పింది. “ఉన్న అంకెలన్నీ వదిలేసి ఆవిడ నీ మొగుడి మీదే పడుతుందా ఏంటే?”

పడింది. బుధవారం వచ్చింది ఇన్‌స్పెక్టరమ్మ. జరీ లేని తెల్లచీర, బిగించిన ముడి, నవ్వు అన్నది ఇంట్లో పెట్టి తాళం వేసి వచ్చిన మొహం. నా వంతొచ్చింది. ఎక్స్ స్క్వేర్ మైనస్ తొమ్మిది ఎక్స్ ప్లస్ పధ్నాలుగు సమానం సున్నా. చూడగానే విలువలు కనపడ్డాయి. “తొమ్మిదిని రెండు ముక్కలు చెయ్యాలండి. కలిపితే తొమ్మిది రావాలి, గుణిస్తే పధ్నాలుగు రావాలి” అని గబగబా చెబుతూ, చెప్పకూడని చోట దగ్గు తెచ్చుకుంటూ, బోర్డు మీద అంతా రాసేశాను.

“ఎక్స్ విలువలు పైకి చెప్పు.”

“ఒకటి రెండండి.”

“ఇంకోటి?”

“ఇంకోటి కూడా ఉందండి.”

“ఎంత?”

“ఆరున్నొక్కటండి.”

వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఇన్‌స్పెక్టరమ్మ కళ్ళజోడు తీసింది. “ఏంటమ్మా, కల్లంలో ధాన్యం కొలుస్తున్నావా? ఆరూ ఒకటీ కలిపితే ఎంత?”

“ఎనిమిదికి ఒకటి తక్కువండి.”

“కూడిక రాని మనిషిని బీజగణితానికి పంపుతారా మేష్టారూ!” అని ఆవిడ మేష్టారి మీదికి తిరిగింది. పాపం ఆయన చేతిలో పొడుం చేతిలోనే ఉంది. గిల్టక్క ఇక ఆగలేక లేచింది. “కూడిక రాక కాదండీ! అది దాని మొగుడండీ!”

“ఏది మొగుడు?”

“ఆ జవాబండీ!”

ఇన్‌స్పెక్టరమ్మ బోర్డు వంక చూసింది, నా వంక చూసింది. “మీ ఆయన పేరేంటి?” అని నన్నడిగింది. నేను నేల చూశాను. గిల్టక్కే కొండలతో సహా చెప్పింది. క్లాసంతా నవ్వు. ఆవిడొక్కతే నవ్వలేదు, నేనూ నవ్వలేదు. నా కళ్ళ ముందు మా అత్తగారు గుమ్మంలో నిలబడి ఉంది, పక్కన సర్దిన మూట ఉంది.

“చదివి ఏం చేద్దామని?” అంది ఆవిడ, గొంతు కాస్త తగ్గించి.

“నర్సమ్మనవుదామనండి.”

“రేపు నీ వార్డులో ఒక పిల్లాడికి మందు పొయ్యాలి. ఎన్ని చుక్కలో నువ్వు చెప్తుంటే పక్కనమ్మాయి పోస్తుంది. డాక్టరు రాసింది ఈ అంకే. నువ్వు ఆరున్నొక్కటి అంటావు. ఆ అమ్మాయి మీ కల్లంలో పుట్టలేదు. ఆరు పొయ్యాలా, ఒకటి పొయ్యాలా?”

ఆవిడ అది కోపంగా అని ఉంటే ఎదురు చెప్పేదాన్ని. నిజంగానే అడిగింది. నాకు గుడారాలు గుర్తొచ్చాయి, ఆ సూదులు, ఆ చేతులు. గొంతు పెగిలింది గానీ ఎంత పెగలాలో దానికి తెలియలేదు. “ఏడండీ! రెండూ, ఏడూ!” అని వీధిలో రిక్షావాళ్ళు తిరిగి చూసేలా అరిచాను. అరిచి నాలిక కొరుక్కున్నాను. ఇన్‌స్పెక్టరమ్మ “కూర్చో” అంది. పంపుతానన్లేదు, పంపనన్లేదు.

ఇక చూసుకోండి నా అవస్థ. ఆదివారం గానీ మా ఆయన హాస్టలుకి రాడు. అప్పటిదాకా ఆ మనిషి ఉన్నాడో లేడో ఎవరు చెప్తారు? కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎటు వెళ్ళాలో తెలిసేది కాదు. కంచం ముందు కూర్చుని వరండాలోకి పరిగెత్తేదాన్ని. చల్లపల్లి నుంచి ఎవరొచ్చినా, “మిల్లు వైపు ఏమన్నా విన్నారా అండీ?” అని పట్టుకునేదాన్ని. పెరుగు తెచ్చే ఆవిడ, “ఏం వినాలమ్మా? మిల్లు మోత తప్ప ఏముంటుంది?” అని విసుక్కుంది. పరీక్షకి పంపుతారా లేదా అన్న బెంగ ఒకపక్క, అన్నందుకు ఏమవుతుందోనన్న బెంగ ఒకపక్క. ఒకటి తగ్గితే ఇంకోటి పెరిగేది. గిల్టక్క జపం చేసుకునే తస్బీ పూసలు తిప్పుకుంటూ, “నువ్వు ఒక్కచోట కూర్చోవే తల్లీ, నీవల్ల నాకు లెక్క తప్పుతోంది” అని మొత్తుకునేది.

ఆదివారం వచ్చాడు. కుంటుతూ వచ్చాడు! కుడికాలికి ఇంత కట్టు. నా ప్రాణం పోయింది.

“ఏమైందయ్యా?”

“బస్తా జారి పడింది.”

“ఎప్పుడు?”

“బుధవారం.”

వార్డెనమ్మ చూస్తుందన్న జ్ఞానం కూడా లేకుండా వరండాలో చతికిలబడి బావురుమన్నాను. వెక్కిళ్ళ మధ్య అంతా చెప్పేశాను, ఇన్‌స్పెక్టరమ్మ, చుక్కల మందు, రెండు విలువలు, అన్నీ. చివర్న “నీ పేరులో ముక్క అనేశానయ్యా, అందరిలో, అరిచి మరీ” అన్నాను. ఆయన కాలు చాపుకుని నిదానంగా విన్నాడు.

“నువ్వు ఒక్కసారంటే కాలు మీద బస్తా పడితే, మా అమ్మ పొద్దున్నుంచీ ఊరంతా వినపడేలా ఆ పేరే అరుస్తుందే. ఈపాటికి నా మీద మిల్లే పడాలి.”

నేను ముక్కు చీదుకున్నాను.

“ఇంతకీ లెక్క రైటేనా?” అన్నాడు.

“రైటే.”

“మరింకేం, తిను” అని వాళ్ళమ్మ పంపిన రొయ్యపొడి డబ్బా మూత తీసి నా ముందు పెట్టాడు. (చదువు మాట వినపడకూడదన్న ఆవిడే, హాస్టలు కూడు తిని చిక్కిపోతానని వారం వారం పంపేది.) ఆ ఎక్స్ ఎవరో కాస్త చెప్పమన్నాడు. చెప్పాను. మధ్యలోనే స్తంభానికి ఆనుకుని నిద్రపోయాడు.

సోమవారం పొడుం మేష్టారు గుమ్మంలోంచే, “ఏమ్మా ఆరున్నొక్కటీ, పరీక్షకి వెళ్తున్నావు” అన్నారు. వెళ్ళాను, పాసయ్యాను. ట్రైనింగయ్యాక గుడివాడ ఆసుపత్రిలో కొన్నాళ్ళు, పెదపారుపూడి వైపు ఊళ్ళ వెంట కొన్నాళ్ళు, మొత్తం ఉద్యోగమంతా ఆ అంకె అంటూనే గడిపాను. ఏడో నంబరు మంచం, ఏడో నెల, ఏడు చుక్కలు. మా ఆయనకి ఏమీ కాలేదు. షుగరొచ్చింది, అది మా వీధిలో అందరికీ వచ్చింది.

నేను కోరుకున్న నెమ్మది కూడా చేతికొచ్చింది, చాలా ఆలస్యంగా. ఇప్పుడు ఆయన మందుల షాపుకని వెళ్ళి పొద్దుపోయి వచ్చినా తలెత్తి చూడను, అన్నం మూతపెట్టి పడుకుంటాను. అలాంటప్పుడు ఒక్కోసారి బందరు హాస్టలు వరండాలో చల్లపల్లి బస్సు మోత కోసం అటూ ఇటూ తిరుగుతున్న ఆ పిచ్చిపిల్ల కనపడుతుంది. ఆగవే, వస్తాడు, కాలికి కట్టుతో వస్తాడు, అంతే, అని చెప్పాలనిపిస్తుంది. చెప్పను. ఒక మనిషి కోసం అంతలా కాలు నిలవకుండా తిరగడం నాకు మళ్ళీ చాతకాలేదు, ఆ పిల్లనన్నా తిరగనిస్తాను.