వంకర కుట్ల బొంత

నా చిన్నప్పుడు మా వీధిలో బొంత కుట్టడానికి ఎవరూ ఎవరినీ పిలిచేవాళ్లు కాదు. పిలిస్తే పరువు తక్కువ. పాత చీరలు, పంచెలు, చిరిగిన లంగాలు పొరలు పొరలుగా అరుగు మీద పరిచి, నాలుగు మూలలా రాళ్లు పెట్టి కూర్చుంటే చాలు. దారినపోయే ఆడవాళ్లు చూసి, ఇంటికి పోయి ఎవరి సూది వాళ్లు తెచ్చుకుని తలా ఒక అంచున కూర్చునేవాళ్లు. ఈ రోజు నా బొంతకు నువ్వు వస్తే రేపు నీ బొంతకు నేను వస్తాను. మావైపు దీన్ని ముయ్యి అంటారు. చేలో పనికి ముయ్యి ఉన్నట్టే బొంతకూ ఉండేది.

ఇది విని, అబ్బా ఎంత ఐకమత్యం అని మురిసిపోకండి. కళ్యాణదుర్గం చుట్టుపక్కల మా వీధి ఆడవాళ్లంత నోటి దురుసు మనుషులు ఇంకెక్కడా ఉండరు. బొంత చుట్టూ కూర్చున్నంతసేపూ చేతులు ఒక పని చేస్తుంటే నోళ్లు ఇంకో పని చేసేవి. అక్కడ లేని మనిషిని కుట్టుకొక ముక్కగా కోసేవాళ్లు. అందులో మా అమ్మ ముందుండేది. మా అమ్మకు దీటుగా నిలిచేది పక్కింటి అత్త ఒక్కతే.

పక్కింటి అత్త అంటే సొంత అత్త కాదు, వరసకు అత్త. పెళ్లయిన కొన్నాళ్లకే మొగుడు పోయాడు. పిల్లలు లేరు. మా అరుగుకూ ఆమె అరుగుకూ మధ్య మోకాలెత్తు గోడ ఉండేది. బొంత కుట్టడంలో ఆమెను మించినవాళ్లు లేరు. ఆమె కుట్లు చీమల బారులా ఉండేవి. ఎన్నిసార్లు ఉతికినా లోపలి గుడ్డ కదిలేది కాదు. ఆ సంగతి అందరికన్నా ఆమెకే ఎక్కువ తెలుసు. ఇంకొకరు కుట్టినదాన్ని రెండు వేళ్లతో ఎత్తి చూసి, “ఎనుము మీద కప్పేదానికా ఇది?” అనేది. ఆ మాట ఒకసారి మా అమ్మ బొంతను చూసి కూడా అంది. అప్పటినుంచీ నాకు ఆమె పేరు చెబితే ఒళ్లుమంట.

ఆ ఏడు వేరుశనగ ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేసింది. చేలో పీకింది పశువుల మేతకే సరిపోయింది. ఊళ్లో బోర్లు ఎండిపోయి పంచాయతీ ట్యాంకరు వచ్చేది, అదీ వచ్చిన రోజు వచ్చినట్టు. ట్యాంకరు హారను వినపడితే ఇక మనుషులు మనుషులు కారు. ఒక రోజు పక్కింటి అత్త బిందెలు వరసలో ముందున్నాయి. ఆమె బిందెలు నిండేసరికి నీళ్ల ధార సన్నబడింది. వెనక మా బిందెలు ఖాళీగా ఉన్నాయి. మా అమ్మకు ఒళ్లు తెలియలేదు.

“నీ ఇంట్లో తాగేదానికి పిల్లా జెల్లా ఎవరుండారని నీకిన్ని బిందెలు?” అనేసింది.

పైపు పట్టుకున్న మనిషి కూడా తలెత్తి చూశాడు. అత్త తిరిగి తిట్టలేదు. తిట్టి ఉంటే ఎంతో బాగుండేది. నిండిన బిందెలను ఒకదాని తర్వాత ఒకటి అక్కడే మట్టిలో బోర్లించేసింది. చుక్క నీటికి జనం కొట్టుకుంటున్న రోజుల్లో, అందరి కళ్లముందూ ఆ నీళ్లు నేల తాగేసింది. “నేను సచ్చినా మీ అరుగెక్కను” అని మా అమ్మ మొహం మీద చెప్పి, ఖాళీ బిందెలు ఎత్తుకుని వెళ్లిపోయింది. చుట్టూ ఉన్నవాళ్లు ముందు నీళ్లు పోయినందుకు అయ్యో అన్నారు, ఆ తర్వాతే మనిషి కోసం అయ్యో అన్నారు.

ఆ రోజునుంచి వీధి వీధంతా అత్త పక్షం. నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది, కోపమూ వస్తుంది. వాళ్లలో సగం మంది ఆ మాటే ఆమె వెనకాల ఎన్నోసార్లు అన్నవాళ్లు. మొహం మీద అన్నది మా అమ్మ కాబట్టి పాపమంతా మా అమ్మ నెత్తిన పడింది. అలాగని మా అమ్మది తప్పు కాదని అనను. ఆ మాట పగవాళ్లను కూడా అనకూడదు.

సరిగ్గా అప్పుడే మా నాయన బెంగళూరుకు కట్టుబడి పనికి పోవాల్సి వచ్చింది. అంతకుముందు ఏడు పోయినప్పుడు, సగం కట్టిన బిల్డింగులో సిమెంటు నేల మీద ఖాళీ సంచులు పరుచుకుని పడుకున్నాడు. రొమ్ములో నెమ్ము చేరి, పక్కటెముకలు లెక్కపెట్టేలా తిరిగొచ్చాడు. ఆ దగ్గు ఇంకా పూర్తిగా పోలేదు. “మళ్లీ చల్లటి నేల మీద పడుకుంటే మనిషి నీకు దక్కడమ్మా” అని డాక్టరు మా అమ్మకు తెగేసి చెప్పాడు. పోకుండా ఉంటే ఇంట్లో పొయ్యి వెలగదు. అంగట్లో దొరికే దుప్పటి పైన కప్పుకోవడానికే గానీ, కిందినుంచి వచ్చే చలిని ఆపదు. దానికి మందపాటి బొంత కావాలి. మేస్త్రీ వచ్చి మనుషులను తీసుకుపోయేలోగా కావాలి.

మామూలుగా బొంతలు ఎండాకాలం పని. అయినా మా అమ్మ పెట్టెలో ఉన్నవీ కట్టుకునేవీ చూడకుండా చీరలన్నీ తెచ్చి అరుగు మీద పరిచింది. ఇంత మందం బొంత ఒక్క చేత్తో అయ్యేది కాదు. పైగా అమ్మ కుడి చూపుడువేలికి గోరుచుట్టు లేచి సూది పట్టనివ్వడం లేదు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, అదే జరిగింది. పొద్దుటినుంచి సాయంత్రం దాకా బొంత పరిచి కూర్చుంటే ఒక్కతీ రాలేదు. మా బొంత చుట్టూ కూర్చుని మా ఇంట్లో వక్కాకు నమిలిన మనుషులు తల తిప్పుకుని పోయారు. ఒకామె చూడాల్సి వస్తుందని కొంగు మొహం మీదికి లాక్కుంది.

“రావద్దు పోండే! నా మొగుడు సస్తే మీకు పండగ గదా!” అని మా అమ్మ వీధి మొత్తానికి వినపడేలా అరిచి, ఎడమచేత్తో సూది పట్టుకుంది. రెండు కుట్లకే వేలు పొడుచుకుని, సూది విసిరికొట్టి, మోకాళ్లలో తల పెట్టుకుని ఏడ్చింది. మా అమ్మ ఏడవగా నేను చూడటం అదే మొదలు. నాకు వీధి మొత్తం మీద రాళ్లు రువ్వాలనిపించింది.

అప్పుడు మా అవ్వ, అంటే మా నాయన తల్లి, లోపలినుంచి తడుముకుంటూ వచ్చింది. ఆమె కళ్లకు పొరలు కమ్మి అప్పటికే చాలాకాలమైంది. మనుషులను నీడలుగా మాత్రం గుర్తుపట్టేది. నాచేత దారం ఎక్కించుకుని, పక్కింటి గోడకు ఆనుకుని ఉన్న కొసన కూర్చుని కుట్టడం మొదలుపెట్టింది. అవేం కుట్లు! ఒక్కొక్కటి జానెడు. ఒకటి తూర్పుకు పోతే ఇంకోటి పడమటికి. పైగా కుట్టినదాన్ని చేత్తో తడిమి, “ఆహా, పట్టుచీర అంచు మాదిరి వచ్చిండాది సూడు!” అని పైకి మెచ్చుకోవడం. నాకు తల కొట్టేసినట్టయింది.

“అత్తా, నీ కొడుకును సంపేదానికా ఆ కుట్లు?” అని మా అమ్మ అవ్వ మీదికి లేచింది.

“నోరు మూసుకోమ్మే. ఆ నోటితో చేసింది చాలు” అంది అవ్వ.

పక్కింటి అత్త వాకిలి ఊడ్చే నెపంతో బయటికి వచ్చింది. గోడ మీదుగా చూసింది. ఊడ్చింది. మళ్లీ చూసింది. మూడోసారి చూసినప్పుడు చేతిలో చీపురు ఆగిపోయింది. మాతో మాట్లాడకూడదని ఆమెకు పంతం. కానీ ఎదురుగా ఒక బొంత అలా పాడవుతుంటే ఆమె ప్రాణం ఉండబట్టలేదు.

“ఏం చిన్నమ్మా అది? బొంతనా, సెనక్కాయల మూటనా?”

“నీకేంటికమ్మా? నువ్వు మా అరుగెక్కవు గదా. నా కండ్లకు అగపడినకాడికి నేను కుట్టుకుంటాండా.”

“రెండుసార్లు ఉతికితే లోపల గుడ్డంతా ఉండ సుట్టుకుంటాది!”

“సుట్టుకోనీ. దాని మీద పడుకునేది నా కొడుకు. నీకేం నొప్పి?”

అత్త లోపలికి పోయి తలుపు వేసిన చప్పుడుకు గోడ మీద కాకి లేచిపోయింది. మర్నాడు అవ్వ ఇంకా ఘోరంగా కుట్టింది. బొంత మధ్యలో ముడతలు ముడతలుగా గుడ్డ లేచి నిలబడింది. అత్త వాకిట్లోకి వచ్చేది, పళ్లు కొరికేది, పోయేది. చివరికి ఆమె సహనం తెగింది. గోడ మీదుగా వంగి, బొంత కొస రెండు చేతులా పట్టుకుని, మూలల్లో రాళ్లు దొర్లిపోతుంటే మొత్తం బొంతను తన అరుగు మీదికి లాగేసుకుంది.

“మా ఈది పరువు తీసేదానికే బతికిండావా ముసల్దానా!”

“అయ్యో, పట్టపగలు నా బొంత ఎత్తకపోతాండాదే!” అని మా అవ్వ ఊరు వినేలా అరిచింది. అరిచిందే గానీ, చెయ్యి మాత్రం ఎప్పుడో వదిలేసింది.

అలా అత్త తన ఒట్టు తప్పలేదు. మా అరుగు ఎక్కలేదు. తన అరుగు మీదే కూర్చుని, పళ్లతో దారం తెంచుతూ ఆ వంకర కుట్లన్నీ ఊడదీసింది. ఊడదీసిన ప్రతి కుట్టుకూ ఒక తిట్టు. ముందు అవ్వను తిట్టింది. ఆ తర్వాత మా అమ్మను, మా అమ్మ పుట్టింటిని, ఆ పుట్టింటినుంచి ఈ ఊరికి సంబంధం తెచ్చిన మనిషిని తిట్టింది. కొత్త కుట్లు వేసేటప్పుడు అవతలి కొస బిగించి పట్టుకునే మనిషి కావాలి. “కొస పట్టేదానికి గూడా దిక్కులేదా ఈ కొంపలో?” అని గాలిని అడిగింది.

మా అమ్మ మా అరుగు దిగి, వీధిలో నిలబడి, ఎడమచేత్తో కొస పట్టుకుంది. అత్త పైకి రమ్మని అనలేదు, పొమ్మనీ అనలేదు. ఆ నేల మీద అలా ఎండలో నిలబడే ఉంది మా అమ్మ. పైనుంచి తిట్లు పడుతూనే ఉన్నాయి. మాటకు మాట అప్పజెప్పనిదే అన్నం సహించని మనిషి మా అమ్మ. జవాబు గొంతు దాకా రావడం, దాన్ని ఆమె మింగడం నాకు కళ్లకు కట్టినట్టు కనిపించేది. ఆ తిట్లు వింటుంటే నాకే ఏడుపొచ్చింది. అమ్మ మాత్రం కొస వదల్లేదు.

ఇది చూసి వీధిలో ఆడవాళ్లు ఒక్కొక్కరే సూదులు తెచ్చుకున్నారు. వాళ్లు మా ఇంటికి రాలేదు కదా, అత్త అరుగు మీదికి వచ్చారు. అలా ఎవరి పంతం వాళ్లకు దక్కింది. అందరూ కలిసి మా అమ్మను తిట్టుకుంటూనే మేస్త్రీ వచ్చేలోగా బొంత పూర్తి చేశారు.

చివరి ముడి వేశాక అత్త బొంతను మడిచి గోడ మీదుగా మా అరుగు మీద పడేసింది. మా అమ్మ అక్కడే నిలబడి, “వదినా, ఆ పొద్దు నేనన్నది తప్పు. నీ కాళ్లు పట్టుకుంటా” అంది.

“పట్టుకోవద్దు. తప్పే అది” అంది అత్త. “మీ ఆయప్ప సల్లగా ఉండల్ల. నిన్ను మాత్రం నేను ఓర్సను.”

లోపలికి పోతూ పోతూ మా అవ్వ వైపు తిరిగింది. “నువ్వు గూడా నీకే తెలివి ఉండాదనుకోవద్దు చిన్నమ్మా. నేను కొత్త కోడలుగా వచ్చినప్పుడు నాకు సూది పట్టేది నేర్పింది నువ్వే గదా. కండ్లు పోయినా నీ చెయ్యి వంకర పోదని నాకు తెల్దా?”

“తెలిసీ ఏంటికొచ్చినావమ్మే?” అని అవ్వ అడిగింది.

“నీ కొడుకు దగ్గేది గోడకు ఇవతల ఇనపడదా?” అని అత్త తలుపు మూసుకుంది.

నాయన ఆ బొంత చుట్టుకుని బెంగళూరు పోయాడు. ఉగాదికి వచ్చినప్పుడు దగ్గు లేదు, మొహంలో నెత్తురు ఉంది. మా అమ్మ ఆ తర్వాత ట్యాంకరు వచ్చినప్పుడల్లా అత్త బిందెలకు దారి వదిలి వెనక నిలబడేది. అత్త బిందెలు నింపుకుని మా అమ్మ మొహం చూడకుండా పోయేది. నాకు పెళ్లయ్యి ఆ ఊరు వదిలేదాకా వాళ్లిద్దరూ మాట్లాడుకోగా నేను చూడలేదు. అవ్వ కుట్టిన వంకర కుట్లన్నీ అత్త ఒక్క పూటలో ఊడదీసింది. మా అమ్మ అన్న ఒక్క మాటను ఊడదీయడం ఎవరివల్లా కాలేదు. అత్త మా అమ్మను ఓర్చలేదని, అంటే క్షమించలేదని, నేను చాలా ఏళ్లు ఆమెను తిట్టుకున్నాను. ఇప్పుడు తిట్టుకోను. ఓర్చుకోవాల్సిన బాకీ ఆమెకేం లేదు. ఓర్చకుండానే మా నాయనను బతికించింది, అంతకన్నా ఏం కావాలి?

నాకు మా అమ్మ నోరే వచ్చింది. మా తోడికోడలిని, ఆడబిడ్డను అనకూడని మాటలు అన్న రోజులున్నాయి. అన్నాక, నన్ను ఓర్చుకో అని ఎవరి వెంటా పడను. వాళ్లు తిట్టుకుంటూ రావడానికి వీలుగా, వాళ్ల చేతికి అందేంత దూరంలో ఏదో ఒక పని పరిచి కూర్చుంటాను. కొందరు వస్తారు, కొందరు రారు. వచ్చినవాళ్లు ఎంత తిట్టినా, నోరు మూసుకుని కొస పట్టుకుంటాను.